నడుము మీద రసమట్టం

ఆ వేసవి అంతా నా నడుము గురించి నాకు తప్ప అందరికీ తెలుసు. అది ఎంత వంగాలో, ఎక్కడ ఆగాలో, ఎంత నిటారుగా నిలవాలో ఎవరికి తోచిన తీర్పు వాళ్ళు చెప్పారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండనీ. చల్లారాక చెబుదామంటే ఈ కథ ఎప్పటికీ చెప్పలేను.

ముందు ఆ డాక్టరు సంగతి. కుట్టు మిషను ముందు నుంచి లేవబోయి లేవలేక, పక్క సీటు ఆమె చంకల్లో చేతులేసి లేపితే, ఆ నొప్పితోనే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నడుము వైపు చూడలేదు. ఎక్స్‌రే ఫిల్మును లైటుకెత్తి పట్టుకుని దాన్ని చూశాడు. ఎముకలకేమీ కాలేదట. గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల నడుము పట్టేసిందట. రోజూ ఇంట్లో యోగా చేసుకోవాలట, వెన్ను నిటారుగా ఉంచుకోవాలట. మంచినీళ్ళు తాగమన్నంత తేలిగ్గా చెప్పాడు. ఏ ఆసనాలు, ఎలా వేయాలి అని నేను నోరు తెరిచేలోపు, ఫోన్లో బోలెడు ఉంటాయమ్మా అంటూ తరవాతి మనిషి కోసం గంట కొట్టాడు.

మా కుట్టు కేంద్రంలో స్కూలు యూనిఫాంలు కుడతాం. వేసవి సగమయ్యాక ఆ బట్ట దిగుతుంది. దిగిందంటే ఇక తలెత్తే తీరిక ఉండదు. సూపర్‌వైజరమ్మ సెలవైతే ఇచ్చింది గానీ, ఇస్తూనే నా కుర్చీ వైపు ఒక చూపు చూసింది. బట్ట దిగేలోపు వచ్చి కూర్చుంటే కుర్చీ నాది, లేదంటే పని కోసం గేటు దగ్గర నిలబడేవాళ్ళలో ఎవరో ఒకరిది. ఆ మాట ఆవిడ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినంత మాత్రాన మాట మారదు కదా.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా బావ, మా అత్త. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపులు మార్చుకునే శ్రమ లేకపోయింది. ఆయన తాపీ మేస్త్రీ. ఆయన కట్టిన గోడ మీద గోళీ పెడితే అటూ ఇటూ దొర్లదని పేరు. ఆ పేరు ఎప్పుడో నెత్తికెక్కింది. వంకర అన్నది ఎక్కడ కనపడినా ఆయనకు ముద్ద దిగదు. పరాయివాళ్ళ ఇంటికి వెళ్ళినా వాళ్ళ గోడల మీది ఫోటోలు సర్ది గానీ కూర్చోడు.

ఆ వేసవిలో ఆయనకు పనుల్లేవు. ఇసుక దొరకడం లేదు, కట్టడాలన్నీ ఆగిపోయాయి అన్నాడు. కాబోలు అనుకున్నాను. పనిలేని మేస్త్రీ ఇంట్లో కూర్చుంటే సరిచేయడానికి ఏముంటుంది? క్యాలెండరు సర్దాడు, గడియారం సర్దాడు, అత్త మంచం కోడు కింద చెక్కముక్క దూర్చాడు. ఇక ఇంట్లో వంకరగా మిగిలింది నేనొక్కదాన్నే.

మొదటి రోజుల్లో మాత్రం ఆయన నా జోలికి రాలేదు. మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందులో చాప పరుచుకుని, నీళ్ళ డబ్బాకి ఫోను ఆనించి నా తిప్పలు నేను పడ్డాను. ఫోన్లో ఒకావిడ. వెనక సముద్రం, ఒంటి మీద తెల్లబట్టలు, ఏం చేస్తున్నా నవ్వుతూనే ఉంటుంది. నవ్వులమ్మ అని పేరు పెట్టుకున్నాను. "మీ శరీరం చెప్పేది వినండి" అనేది మాటిమాటికీ. నా శరీరం ఆ సమయంలో చెప్పే మాటలు నలుగురిలో పలకదగ్గవి కావు.

ఆవిడ కుడికాలు అంటుంది, ఫోన్లో చూస్తే ఎడమవైపు లేస్తుంది. బీరువా అద్దంలో చూసుకుంటే రెంటికీ పొంతన లేకుండా నాది ఇంకోటి లేస్తుంది. ఫోను చూస్తే మెడ వంకర, చూడకపోతే ఆసనం వంకర. బోర్లా పడుకుని తల పైకెత్తండి అంటుంది, నేను బోర్లా తిరిగేసరికి ఆవిడ లేచి నిలబడి ఉంటుంది. నేను మంచం పట్టుకుని లేచేసరికి చేతులు జోడించి, మళ్ళీ కలుద్దాం అంటుంది. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవాళ్ళ గతి ఇంతే. తప్పు చేసినా ఒప్పు చేసినా అవతలివాళ్ళు ఒకేలా నవ్వుతారు.

అత్త గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని మరీ కూర్చునేది. మా నాన్న తోబుట్టువు కాబట్టి ఆవిడ నోరూ నా నోరూ ఒకే ఇంటివి. "ఏమే, ఆవిడ తల నేలకి తగిలింది. నీది కిటికీకి తగిలేలా ఉంది. ఇద్దరూ చేసేది ఒకటేనా?" అనేది. సాయం పట్టకపోతే పోయె, కాస్త అవతల కూర్చోమంటే, చూసేందుకు ఇంట్లో ఇంకేముందని దీర్ఘం తీసేది.

ఒకరోజు పొద్దున అరచేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి, నవ్వులమ్మ చెప్పినట్టు బల్లలాగా నిలిచాను. వెనక అడుగుల చప్పుడు వినపడింది. తిరిగి చూసేలోపే వీపు మీద చల్లగా, బరువుగా ఏదో ఆనింది.

"కదలకు," అన్నాడు బావ. "బుడగ నిలవనీ."

నా వీపు మీద రసమట్టం పెట్టాడు. గోడ సమంగా ఉందో లేదో చూసుకునే బద్ద అది. అందులో చిన్న గాజు గొట్టం, గొట్టంలో నీళ్ళు, నీళ్ళలో బుడగ. బుడగ రెండు గీతల మధ్య నిలిస్తే అంతా సమంగా ఉన్నట్టు. ఆయన చాప పక్కన గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి నా వీపును చూశాడు. భుజాల దగ్గర బద్ద ఆనింది, తుంటి దగ్గర ఆనింది, నడుము దగ్గర మాత్రం సందు ఉందన్నాడు. ఆ సందులో రెండు వేళ్ళు దూర్చి చూపించాడు కూడా. గోడలో అలాంటి గుంట వదిలితే ఇంటాయన చెప్పు తీసుకుని కొడతాడట.

"నేను గోడను కాదు బావా."

"కాదు. గోడైతే ఒకసారి చెబితే వింటుంది."

అత్త పకపకా నవ్వింది. డాక్టరు నిటారుగా ఉంచమన్నాడా లేదా అని ఆయన నిలదీశాడు. అన్నాడు. ఫోన్లో ఆవిడ వెన్ను నిటారుగా అంటోందా లేదా? అంటోంది. "నీ వీపు నీకెలా కనపడుతుంది? నాకు కనపడుతోంది," అన్నాడు చివరికి. నిజంగానే నా వీపు నాకు కనపడదు.

అలా మొదలైంది. ఇక రోజూ పొద్దున్నే నా కంటే ముందు ఆ బద్ద చాప మీద సిద్ధంగా ఉండేది. బొడ్డు లోపలికి పీల్చి, నడుము పైకి లేపి, ఆ సందు పూడేదాకా బిగబట్టమనేవాడు. నిలబడితే చెవి పక్కన, గోడ నిలువు చూసుకునే తూకం గుండును దారంతో వేలాడదీసేవాడు. చెవి, భుజం, తుంటి, మోకాలు, చీలమండ, అన్నీ ఆ దారానికి తగలాలి. తగలకపోతే వేలితో పొడిచేవాడు. నేను ఊపిరి పీలిస్తే దారం ఊగుతోందని విసుక్కునేవాడు. ఊపిరి ఆపుకోవడం కూడా ఆసనమేనా అని అడిగితే, పని జరిగేటప్పుడు మాట్లాడకూడదన్నాడు.

నొప్పి తగ్గలేదు. నడుము దాటి పిరుదులోకి, అక్కణ్ణుంచి తొడలోకి దిగింది. చెబితే, కొత్త గోడ కూడా ఆరేటప్పుడు సన్నగా పగుళ్ళిస్తుంది, కంగారుపడకు అన్నాడు. నవ్వులమ్మేమో మొదట్లో కాస్త ఇబ్బంది సహజమే అంది. అత్త ఆ రెండూ నిజమే అంది. అందరూ ఒక మాట మీద ఉంటే, నొప్పి పుట్టే నడుముదే తప్పేమో అనిపించడం మొదలైంది. కోపం వచ్చేది, వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. గిన్నెల మీద పెట్టేదాన్ని.

పైగా ఆ పెద్దమనిషి ఇంట్లో పుల్ల కదపడు. అటక మీద నుంచి బియ్యం డబ్బా దించమంటే వినపడనట్టు కూర్చునేవాడు. నడుము పట్టేసినదాన్ని, నేను ఎత్తలేను. చివరికి అత్త, ఆ ముసలిప్రాణం, పీటెక్కి దించేది. నిక్షేపంలాంటి మొగవాడు కింద నిలబడి జాగ్రత్తమ్మా అనేవాడు. పని పోతే మనుషులకి ఇంత బద్ధకం అబ్బుతుందా అని పళ్ళు నూరుకున్నాను. ఒకసారి పైకే అన్నాను. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బట్ట దిగిందని సూపర్‌వైజరమ్మ ఫోను చేసింది. కటింగు మొదలైందట, వచ్చే వారానికి మిషన్లు తిరగాలట, వస్తావా రావా చెప్పమంది. వస్తానన్నాను. కూర్చుంటే లేవలేని దాన్ని ఏ ముఖం పెట్టుకుని అన్నానో నాకే తెలియదు. బావ పక్కనే ఉండి అంతా విన్నాడు. ఆరోజు సాయంత్రం, ఎప్పుడూ లేనిది, ఇంకోసారి చేద్దాం రమ్మన్నాడు.

కాళ్ళు బారచాపి కూర్చుని, ముందుకి వంగి కాలివేళ్ళు అందుకోవడం. నవ్వులమ్మ అలా వంగితే దుప్పటి మడతపెట్టినట్టు ఉంటుంది. నా చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. వీపు గూనిలా లేచింది. దాని మీద పెట్టిన బద్ద ఇటు వాలితే అటు లేస్తోంది, అటు వాలితే ఇటు లేస్తోంది.

"ఇంకొంచెం," అన్నాడు.

చాలు బావా అన్నాను. ఇంకొంచెమే, బుడగ దగ్గరికొచ్చింది అన్నాడు. వద్దన్నాను. అప్పుడు ఆ గూని మీద ఎడమ అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద మోపాడు.

చప్పుడేమీ రాలేదు. లోపల ఏదో పట్టు తప్పింది, అంతే. నడుము నుంచి మడమ దాకా ఎవరో మరిగే నీళ్ళు పోసినట్టయింది. చెయ్యి తియ్యి అన్నాను. తీశాడు. నేను పైకీ లేవలేకపోయాను, కిందికీ వాలలేకపోయాను. బద్ద వీపు మీద నుంచి జారి నేల మీద పడింది. ఆయన ముందు వంగి దాన్ని తీసుకుని, గొట్టం పగిలిందేమో చూసుకున్నాడు. తరవాత నన్ను చూశాడు. ఆ వరస నేను చచ్చేదాకా మర్చిపోను.

డాక్టరు దగ్గరికి అత్త వచ్చింది. బావను రానివ్వలేదు. ఆటో వెనక సీట్లో పక్కకి తిరిగి పడుకుని వెళ్ళాను. డాక్టరు అలవాటు ప్రకారం ఫిల్ము కోసం చెయ్యి చాపాడు. నాకు తిక్కరేగింది. నా నడుము ఇక్కడుంటే ఆ కాగితంలో ఏం వెతుకుతున్నారన్నాను. చెయ్యమన్నారు, ఎలాగో చెప్పలేదన్నాను. నిటారుగా అన్నారు, మా ఇంట్లో ఆ మాటకి అర్థం గోడ అన్నాను. బయట కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూసేదాకా నిప్పులు చెరిగాను. అత్త కొంగుతో నోరు మూసుకుంది.

ఆ మహానుభావుడు అప్పుడు కుర్చీలోంచి లేచాడు. నన్ను నెమ్మదిగా గోడకి ఆనించి నిలబెట్టి, నా నడుముకీ గోడకీ మధ్య నా చెయ్యే పెట్టించాడు. చెయ్యి దూరింది.

"ఈ సందు ఉండాలమ్మా. వెన్నెముకకి పుట్టుకతోనే ఈ వంపు ఉంటుంది. నిటారు అంటే దీన్ని నిలుపుకోమని, పూడ్చమని కాదు."

ఇప్పట్లో ముందుకి వంగే ఆసనాలు అసలు వద్దన్నాడు. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోవడం, గోడకి ఆనుకుని నిలబడి మెల్లగా చేతులెత్తడం, అంతవరకే చేయమన్నాడు. ఊపిరి బిగిసిందంటే ఆసనం తప్పినట్టే, నొప్పి కాల్లోకి పాకిందంటే అక్కడితో ఆపేయాల్సిందే. ఇంతా కలిపి ఆయన గంట కొట్టడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు. ఈ ముక్క మొదటిరోజే చెప్పడానికి నోటికేమైంది అని అడిగాను. మీరు అడగలేదు కదమ్మా అన్నాడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చేసరికి బావ ముందుగదిలో నిలబడి ఉన్నాడు. డాక్టరేమన్నాడని అడిగాడు. చెబుతాను, గోడకి ఆనుకుని నిలబడు అన్నాను. నా ముఖం చూసి ఎదురు చెప్పకుండా నిలబడ్డాడు. అత్త కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరగడానికి కూర్చుంది.

నడుము వెనక చెయ్యి పెట్టి చూసుకోమన్నాను. పెట్టాడు. దూరింది.

"నీక్కూడా గుంట ఉంది బావా. ఇప్పుడు ఆ చెప్పు ఎవరు తీసుకోవాలి?"

ఈసారి అత్త నవ్వలేదు. నేను మాత్రం మంచి ఊపు మీద ఉన్నాను. డాక్టరు నాకు నేర్పించిందంతా ఆయనకి అప్పజెప్పేదాకా నిద్రపట్టేలా లేదు. రెండు చేతులూ పైకెత్తి, గోడకి ఆనించమన్నాను. ఎడమ చెయ్యి హాయిగా లేచి తలపైన గోడకి ఆనింది. కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా వచ్చి ఆగింది. ఆయన ఒళ్ళంతా ఎడమ పక్కకి వాల్చి, ఆ చెయ్యి పైకి వెళ్ళినట్టు చూపించబోయాడు. తూకం గుండు వేలాడదీసి నన్ను పొడిచినవాడు.

"ఎత్తు," అన్నాను.

"అంతే వస్తుంది."

కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. "వాణ్ని వదిలెయ్యవే," అంది అత్త. గొంతులో వెటకారం లేదు. ఆవిడకి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. బియ్యం డబ్బా, పీట, జాగ్రత్తమ్మా, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఒక్కో ముక్కా పీకి పీకి అడిగితే గానీ బయటికి రాలేదు. చలికాలం నుంచే భుజం బిగుసుకుపోవడం మొదలైందట. మొదట తాపీతో సున్నం పైకి విసరడం కష్టమైందట, తరవాత ఇటుక ఎత్తడం. ఇసుకకి ఏ కరువూ లేదు. మా వీధి చివర మూడంతస్తుల ఇల్లు లేస్తోంది, అందులో ఆయన ముఠా వాళ్ళే పని చేస్తున్నారు. ఆయన స్థానంలో ఇంకో మేస్త్రీ చేరాడు. పొద్దున నేను స్నానానికి వెళ్ళినప్పుడు అత్త ఆయనకి చొక్కా తొడిగి బొత్తాలు పెట్టేదట. చిన్నపిల్లాడికి తొడిగినట్టు, రోజూ, నా ఇంట్లో, నాకు తెలియకుండా.

నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. నువ్వే నడుం పట్టుకుని మంచాన పడ్డావు కదే, ఇంకోటి కూడా ఎందుకని, అంటూ అత్త అందుకుంది. నిన్నడగలేదత్తా అన్నాను. ఆవిడతో నా జీవితంలో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ తల దించుకుంది.

ఆయన గోడకే ఆనుకుని నిలబడ్డాడు. "నా పని ఎలాగూ పోయింది," అన్నాడు. "నీ కుర్చీ అయినా నిలవాలి కదా. బట్ట దిగిందని ఆవిడ ఫోను చేసేసరికి నాకు గాభరా పుట్టింది."

అప్పుడు తెలిసింది ఇంకొంచెం అన్న ఆ మాట ఎందుకో. వారాల తరబడి ఇంటి కప్పు మొత్తం తెచ్చి నా నడుము మీద మోపి, అది ఓర్చుతుందో లేదో మట్టం పెట్టి చూసుకుంటున్నాడు. ఆ సంగతి నడుముకి చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు.

"నన్ను బాగుచేయడానికి కాదు. మిషను ఎక్కించడానికి తొక్కావు."

"రెండూ ఒకటే అనుకున్నాను," అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే ఇంకో నాలుగు కేకలేసి ఊరుకునేదాన్నేమో. అది నిజం. అందుకే ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. చాప పక్కనున్న రసమట్టం తీసుకుపోయి పెరట్లో నీళ్ళతొట్టి వెనక పడేశాను. ఎవరూ ఆపలేదు.

యూనిఫాంలకి నేను వెళ్ళలేదు. నా కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి కూర్చుందని పక్క సీటు ఆమె చెప్పింది. చాలా చురుకైన పిల్లట. సంతోషం. సూపర్‌వైజరమ్మ మళ్ళీ మెత్తగానే, ఒత్తిడి తగ్గాక చెకింగు బల్ల దగ్గర చూద్దాం, అక్కడ నిలబడైనా కూర్చునైనా చేసుకోవచ్చు అంది. జీతం మాత్రం దానికి తగ్గట్టే. అప్పటిదాకా ఏం తింటామని అడిగితే ఆవిడ జవాబుదారీ కాదు.

అత్త ఎవరికీ చెప్పకుండా ఒకరోజు కుట్టు కేంద్రానికి వెళ్ళి, కుట్టిన చొక్కాల మూట ఒకటి తలకెత్తుకుని వచ్చింది. వాటికి వేలాడే దారాలు కత్తిరించి మడతపెట్టి ఇచ్చే పని. ముందుగదిలో మూట విప్పుకుని అత్త ఒక పక్క, బావ ఒక పక్క కూర్చునేవారు. అంతెత్తు గోడలు లేపిన మనిషి ఎడమచేత్తో చిన్న కత్తెర పట్టుకుని, గుప్పెడంత కాలర్లకి దారాలు కత్తిరిస్తుంటే చూడబుద్ధి కాలేదు. జాలిపడే ఓపిక కూడా నాకు లేదు.

వాళ్ళిద్దరితోనూ చాలాకాలం నేరుగా మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా తలుపుకో కిటికీకో చెప్పేదాన్ని. అన్నం ఉడికింది, ఆకలైనవాళ్ళు తినొచ్చు. ఎండ తగ్గింది, బట్టలు తీసేవాళ్ళు తీయొచ్చు. భుజం పట్టేసినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తే ఎవరి సొమ్మూ పోదు. ఆ చివరిది చాలాసార్లు చెప్పాల్సొచ్చింది. ఒకరోజు ఆయన చెప్పులేసుకుని వెళ్ళొచ్చాడు. భుజం కీలు బిగుసుకుందట. వదులవుతుందట గానీ నెలలు పడుతుందట, పూర్తిగా వస్తుందన్న హామీ లేదట. రోజూ గోడ మీద వేళ్ళతో పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళమన్నారని అత్త కిటికీకి చెప్పింది. ఆవిడ కూడా అలవాటుపడింది.

నేను ఫోను కట్టేసి, పడకగది తలుపు గడియ పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నవ్వేవాళ్ళు లేరు, పొడిచేవాళ్ళు లేరు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తువ్వాలు చుట్టి నడుము కింద పెట్టుకున్నాను. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి నడుము కింద. ఊపిరి తీసుకుంటే పొట్ట లేవాలి, నడుము కింద చేతికి బరువు పెరగకూడదు. అంత చిన్న సంగతి పట్టుబడటానికి ఎన్నాళ్ళు పట్టిందో. కళ్ళు మూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఎక్కడో ఒకచోట ఊపిరి చిక్కుకునేది, అక్కడ ఆగి వెనక్కి వచ్చేదాన్ని. మర్నాడు అదే చోట చిక్కుకునేది కాదు. తరవాత గోడకి ఆనుకుని నిలబడటం నేర్చుకున్నాను. తల, వీపు, తుంటి గోడకి తగులుతాయి, నడుము తగలదు. తగలనందుకు ఇప్పుడు నాకేమీ తప్పుచేసినట్టు ఉండదు. కాల్లో మంట మోకాలి దగ్గరికి, మోకాలి నుంచి తొడకి వెనక్కి తగ్గింది.

వానలు మొదలై, స్కూళ్ళు తెరిచాయి. నేను కుట్టని యూనిఫాంలు వేసుకుని పిల్లలు వీధిలో పోతున్నారు. ఆ పొద్దున నేను ఆసనాలు ముగించి తలుపు తీసేసరికి, బావ ముందుగదిలో గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు గోడ మీద ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి. నేను వచ్చిన అలికిడి విని, తిరగకుండానే అడిగాడు.

"చూడు, సరిగ్గా ఉందా?"

నాకు అంతా కనపడుతోంది. భుజం ఎగదన్ని చెవిని ముట్టుకుంటోంది. ఒళ్ళు ఎడమకి ఒరిగింది. మెడ నరం తేలింది. ఎక్కడ నొక్కితే ఆ భుజం కిందికి దిగుతుందో కూడా నాకు తెలుసు. వెళ్ళి అరచెయ్యి ఆనించి, నా బరువంతా మోపి, ఇంకొంచెం బావా అనాలని ఎంత బలంగా అనిపించిందో చెప్పలేను. అరచెయ్యి దురద పుట్టింది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"సరిగ్గా ఉందో లేదో నాకేం తెలుసు," అన్నాను. "నొప్పి ఉందా?"

వేళ్ళు గోడ మీద ఆగిపోయాయి. ఒకసారి కట్టడం మీద నుంచి జారిపడి, కుంటుకుంటూ ఇంటికి నడిచొచ్చి, చెప్పు తెగిందని చెప్పిన మనిషి ఆయన. కాలి గోరు ఊడినా, చేతిని సున్నం తినేసినా, ఏం కాలేదన్న మాట తప్ప ఆ నోటి నుంచి ఇంకోటి విన్న గుర్తు లేదు. ఇప్పుడూ అదే అంటాడనుకున్నాను. అంటే ఏం తిట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఉంది," అన్నాడు.

"అయితే దించు."

దించాడు. ఆ చెయ్యి పక్కన వేలాడింది. ఆ ఒక్కమాట చలికాలంలోనే అని ఉంటే నా నడుము మీద ఎవరి చెయ్యీ పడేది కాదు. అదే మాట ఆయనతో అన్నాను, గట్టిగానే, కిటికీకి కాదు, ఆయన ముఖంలోకి చూసి. అవునన్నాడు.